పవర్ డ్రైవరు బిట్లు: ఎంపిక, హోల్డర్లు, లెక్క

మన పాల సంఘాల గదుల్లో పనిముట్లంటే ఒకప్పుడు ఒక సుత్తి, ఒక పట్టకారు, చెక్క పిడి ఉన్న స్క్రూడ్రైవరు ఒకటి. అవి కూడా అవసరానికి కనబడేవి కావు. ఇప్పుడు కాలం మారింది. బ్యాటరీతో తిరిగే పవర్ డ్రైవర్లు సభ్యుల ఇళ్లలోకే వచ్చాయి. ఉప్పల్, నాచారం, నాగారం వైపు ఫ్యాక్టరీల్లో పనిచేసే పిల్లలు సాయంత్రం ఇంటికి వచ్చి, తమ కొట్టం రేకులు తామే బిగించుకుంటున్నారు. సంఘం గదిలో స్విచ్ బోర్డు, గడ్డి కోసే యంత్రం రక్షణ మూత, పాల శీతలీకరణ యంత్రం పక్క పలకలు, తలుపు బందులు, వీటిలో ఏది వదులైనా మేస్త్రీ కోసం ఎదురుచూడవలసిన పని తగ్గింది. ఇది మంచిదే.

అయితే ఒక విషయం గమనించాలి. మనవాళ్లు యంత్రం కొనేటప్పుడు నాలుగు దుకాణాలు తిరుగుతారు, ధర అడుగుతారు, హామీ కాగితం అడుగుతారు. దాని మూతికి తగిలించే బిట్టును మాత్రం చేతికి అందినది తెచ్చేస్తారు. స్క్రూను పట్టేది యంత్రం కాదు, బిట్టు. కొలత తప్పిన బిట్టును ఎంత ఖరీదైన యంత్రానికి తగిలించినా అది చేసే పని ఒకటే: స్క్రూ తల చెక్కివేయడం. తల పోయిన స్క్రూను తీయడానికి పట్టే సమయంలో పది కొత్త స్క్రూలు బిగించవచ్చు.

బిట్టు వెనుక భాగం

ముందుగా బిట్టును తిరగవేసి వెనుక భాగం చూడండి. అది ఆరు పలకలుగా ఉంటుంది. ఎదురెదురు పలకల మధ్య పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. మేస్త్రీల లెక్కలో రెండు సూతులు. ఈ కొలత ప్రపంచమంతటా ఒకటే కాబట్టి, రాణీగంజ్‌లో కొన్న బిట్టు ఏ దేశంలో తయారైన డ్రైవరుకైనా సరిపోతుంది. పొడవులో మాత్రం రెండు రకాలున్నాయి. 25 మిల్లీమీటర్ల పొట్టి బిట్టు ఒకటి. దీన్ని హోల్డరులో పెట్టి వాడాలి. 50 మిల్లీమీటర్లు, ఆ పైన ఉండే పొడుగు బిట్టు రెండోది. దీని నడుము దగ్గర చుట్టూ ఒక గాడి ఉంటుంది. ఇంపాక్ట్ డ్రైవరు మూతిలో ఉండే చిన్న ఉక్కు గోళీ ఆ గాడిలో కూర్చుని బిట్టు ఊడిరాకుండా పట్టుకుంటుంది. పొట్టి బిట్టుకు ఆ గాడి లేదు కనుక దాన్ని నేరుగా ఇంపాక్ట్ డ్రైవరులో దూర్చితే పని మధ్యలో ఊడి పడుతుంది. పడితే ఎక్కడ పడుతుందో, ఏమవుతుందో తరువాత చెబుతాను.

మూడు దవడల చక్ ఉన్న మామూలు డ్రిల్లు అయితే ఏ బిట్టునైనా పట్టుకుంటుంది. కాని మూడు దవడలూ మూడు పలకల మీద చదునుగా కూర్చున్నాయో లేదో చూసి బిగించాలి. దవడ మూల మీద కూర్చుంటే బిట్టు వంకరగా తిరుగుతుంది.

స్క్రూ తలను చదవడం

“స్టార్ బిట్టు ఇవ్వండి” అని అడిగితే దుకాణదారుడు ఏది ఇచ్చినా తప్పు అతనిది కాదు. మనవాళ్లు స్టార్ అనే మాట కింద కనీసం మూడు వేర్వేరు తలలను కలిపేస్తారు. ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి.

నాలుగు రేకల కూడిక గుర్తులా ఉండే తల ఫిలిప్స్. అమెరికాలో పోర్ట్‌లాండ్ నగరానికి చెందిన థాంప్సన్ అనే ఆయన ఆలోచనను హెన్రీ ఫిలిప్స్ కొని, మెరుగుపరచి, 1930లలో పేటెంటు పొందారు. 1936లో కాడిలాక్ కార్ల తయారీలోకి వెళ్లిన తరువాత ఇది ప్రపంచమంతా పాకింది. మరతో బిగించే పనికి ఇందులో ఒక సుగుణం ఉంది. బిట్టు తనంతట తానే తల మధ్యలోకి జారి కూర్చుంటుంది. ఒక అవగుణమూ ఉంది. రేకల గోడలు ఏటవాలుగా ఉంటాయి. బలం ఎక్కువైతే బిట్టు ఆ వాలు మీదుగా పైకి ఎక్కి జారిపోతుంది. కర్ర్ మని చప్పుడు వచ్చేది అప్పుడే. అందుచేత ఫిలిప్స్ స్క్రూ బిగించేటప్పుడు చేతి బరువు యంత్రం వెనుక నిటారుగా ఉండాలి. పక్కకు వాలిన చేయి తలను తినేస్తుంది.

రెండోది పోజిడ్రైవ్. దూరం నుంచి చూస్తే ఫిలిప్స్ లాగే ఉంటుంది. దగ్గరగా చూస్తే నాలుగు పెద్ద రేకల మధ్య మరో నాలుగు సన్నని గీతలు కనబడతాయి. దీని గోడలు దాదాపు నిలువుగా ఉంటాయి కనుక అంత సులభంగా జారదు. కాని ఫిలిప్స్ బిట్టును దీనిలో పెడితే ఊగుతుంది, దీని బిట్టును ఫిలిప్స్ తలలో పెడితే అడుగు దాకా దిగదు. రెండూ పాడవుతాయి. బిట్టు మీద పి.హెచ్. అని ఉంటే ఫిలిప్స్, పి.జెడ్. అని ఉంటే పోజిడ్రైవ్. అక్షరాల పక్కనున్న అంకె కొలత. 1 చిన్నది, స్విచ్ బోర్డులోని చిన్న స్క్రూలకు. 2 మధ్యరకం, మనం చేసే పనుల్లో ఎక్కువ భాగం దీనిదే. 3 పెద్ద స్క్రూలకు. చాలామంది 2 వాడవలసిన చోట 1 వాడతారు, ఎందుకంటే అది ఏ తలలోనైనా దూరుతుంది. దూరడం వేరు, పట్టడం వేరు.

మూడోది ఆరు మొనల నక్షత్రం, టార్క్స్. 1967లో అమెరికాలోనే వచ్చింది. నిజానికి స్టార్ అనే పేరు దీనికే తగును. టి.20, టి.25 వంటి అంకెలుంటాయి. కొన్ని యంత్రాల మూతలకు ఇవే వాడతారు.

ఇక రేకుల షెడ్డుకు వాడే సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూ. దీని తలలో గాడి ఉండదు, తలే ఆరు పలకలుగా ఉంటుంది. దీనికి బిట్టు కాదు, సాకెట్టు కావాలి. మామూలు కొట్టం రేకులకు వచ్చే స్క్రూల తలకు ఎక్కువగా 8 మిల్లీమీటర్ల సాకెట్టు సరిపోతుంది, లావు స్క్రూలకు 10. దుకాణంలో కొందరు దీన్ని ఎస్.డి.ఎస్. స్క్రూ అంటారు. గోడకు రంధ్రం చేసే హ్యామర్ యంత్రం బిట్లకూ అదే పేరుంది. రెండింటికీ ఏ సంబంధమూ లేదు. పేరు చెప్పి కాక, వస్తువు చేత్తో పట్టుకుని చూపించి కొనడం ఉత్తమం. సిమెంటు రేకులకు ఇవి వాడరు, వాటికి కొక్కెం బోల్టు, పానా కావాలి.

కొనేటప్పుడు ఒక పరీక్ష చెబుతాను. మీరు బిగించవలసిన స్క్రూను ఒకటి జేబులో వేసుకుని వెళ్లండి. దుకాణంలోనే బిట్టు మొనను స్క్రూ తలలో పెట్టి వేళ్లతో అటూ ఇటూ కదపండి. ఊగకూడదు. మొన అడుగు దాకా దిగాలి. బిట్టు ఒంటి మీద కొలత చెక్కి ఉందో లేదో చూడండి. ఎస్.2 అనే ఉక్కు గుర్తు ఉన్నవి పవర్ డ్రైవరుకు బాగా ఆగుతాయి. ఇంపాక్ట్ డ్రైవరుకైతే ఆ పనికని తయారుచేసినవే తీసుకోండి. వాటి నడుము సన్నగా ఉండి, దెబ్బ పడినప్పుడు కొద్దిగా మెలితిరిగి మొనను కాపాడుతుంది. నూరు బిట్ల పెట్టె చూసి ఆశపడవద్దు. అందులో ఎనభై మీ జీవితంలో వాడరు. వాడే ఫిలిప్స్ 2 మాత్రం ఒకటో రెండో ఉంటాయి.

హోల్డరు ఎందుకు

పొట్టి బిట్టును పట్టే గొట్టమే హోల్డరు. మామూలు రకంలో గొట్టం అడుగున అయస్కాంతం ఉండి బిట్టును లాగి పట్టుకుంటుంది. అదే అయస్కాంతం బిట్టు ద్వారా ఇనుప స్క్రూను కూడా మొన మీద నిలుపుతుంది. నిచ్చెన మీద ఒక చేత్తో పనిచేసేవారికి ఇది గొప్ప సౌకర్యం. రెండో రకంలో బయటి తొడుగును లాగితే బిట్టు వదులవుతుంది, వదిలితే పట్టుకుంటుంది. బిట్టు స్క్రూ తలలో ఇరుక్కుని హోల్డరు నుంచి ఊడిపోయే బాధ దీనిలో లేదు. కొన్నింటికి ముందుకు జారే పొడుగు తొడుగు ఉంటుంది. అది స్క్రూ చుట్టూ నిలిచి పక్కకు పడకుండా కాస్తుంది. హోల్డరు పొడవు పెరిగేకొద్దీ మొన ఊగడం పెరుగుతుంది, కనుక అవసరమైనంత పొడవే వాడండి.

అయస్కాంతం మీద ఆధారపడేవారు పాల సంఘంలో ఒక సంగతి మరవకూడదు. పాల యంత్రాలకు, పాత్రలకు, శీతలీకరణ యంత్రానికి వాడే స్క్రూలు ఎక్కువ భాగం స్టెయిన్‌లెస్ స్టీలువి. ఆ రకం స్టీలు అయస్కాంతానికి దాదాపు అంటదు. ఇనుప స్క్రూ నిలిచినట్టు నిలుస్తుందనుకుని చేయి తీస్తే జారి పడుతుంది. పాల ట్యాంకు మూత తెరిచి ఉండగా దాని పైభాగంలో ఏ స్క్రూ పనీ చేయవద్దు. ముందు మూత వేసి, పైన శుభ్రమైన గుడ్డ పరచి, విద్యుత్తు ఆపి, అప్పుడు మొదలుపెట్టాలి.

స్టెయిన్‌లెస్ స్క్రూకు మరో గుణం ఉంది. వేగంగా తిప్పితే వేడెక్కి, మరలు ఒకదానికొకటి అంటుకుని బిగుసుకుపోతాయి. ఆ తరువాత ముందుకూ రాదు, వెనక్కీ రాదు, తల తెగుతుంది. కాబట్టి ఇలాంటి చోట యంత్రం పక్కన పెట్టి చేత్తో తిప్పండి. లేదా అన్నిటికన్నా తక్కువ వేగం పెట్టి, చివరి రెండు చుట్లు చేత్తో బిగించండి.

డ్రైవరు మూతి దగ్గర అంకెలున్న వలయం చాలామంది ముట్టుకోరు. అది బలానికి హద్దు పెట్టే క్లచ్. చిన్న అంకె పెడితే కొద్ది బలానికే టక టక మని ఆగిపోతుంది. ప్లాస్టిక్ మూతలకు 1 లేక 2 దగ్గర మొదలుపెట్టి, చాలకపోతే ఒక్కో అంకె పెంచండి. ఇంపాక్ట్ డ్రైవరుకు ఈ వలయం ఉండదు, కనుక సున్నితమైన పనికి అది పనికిరాదు. రేకు స్క్రూ విషయంలో కూడా బలం ఎక్కువైతే నష్టమే. స్క్రూ కింద ఉండే రబ్బరు వాషరు కొద్దిగా నొక్కుకుని, పైనున్న లోహపు బిళ్ల అంచు దాకా వస్తే చాలు. ఉబ్బి బయటికి వచ్చిందంటే రబ్బరు చీలి, వచ్చే వానాకాలానికే అక్కడ కారుతుంది.

పడిన స్క్రూ ఎటు పోతుంది

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇది.

2017 మే నెలలో నాగారం దగ్గర ఒక సభ్యుని కొట్టానికి రేకులు మార్చాము. వానలు రాకముందే పూర్తి చేయాలన్న తొందర. డ్రైవరు పట్టినవారిలో నేనూ ఒకణ్ణి. కింద ఆరు బర్రెలు కట్టి ఉన్నాయి, వాటి ముందు గాడిలో చొప్ప ఉంది. స్క్రూలు జారాయి. ఎన్ని జారాయో ఎవరూ లెక్కపెట్టలేదు. పొట్టి బిట్టు కూడా ఒకటి ఊడి పడింది, సంచిలోంచి ఇంకొకటి తీసి పని సాగించాను. పని అయ్యాక కనబడినవి ఏరి, అందరం చాయ్ తాగి వచ్చేశాము.

కార్తీక మాసం నాటికి వాటిలో ఒక బర్రె, ఏడు నెలల చూడిది, మేత మానింది. పాలు రెండు పూటల్లోనే సగానికి పడిపోయాయి. వీపు వంచి నిలబడేది. ముందు కాళ్ల మోచేతులు ఒంటికి దూరంగా పెట్టేది. పల్లం వైపు నడిపిస్తే మూలిగేది. ఇంట్లోవాళ్లు అజీర్ణమనుకుని నాలుగు రోజులు నాటు మందు పోశారు. పశువైద్యుడు వచ్చేసరికి గంగడోలు దగ్గర నీరు దిగింది, మెడ నరం తాడులా ఉబ్బింది. అది బతకలేదు. కోసి చూస్తే గుండె చుట్టూ చీము, రెండో పొట్టలో తీగ ముక్కలు రెండు, తుప్పు పట్టిన రేకు స్క్రూ ఒకటి, ఒక పొట్టి బిట్టు కనబడ్డాయి. గుచ్చుకున్నది తీగా, స్క్రూనా అన్నది తేల్చి చెప్పే వీలు లేకపోయింది. బిట్టు మొద్దుగా ఉంటుంది, అది గుచ్చదు. కాని దాని ఒంటి మీద పి.హెచ్. 2 అన్న అక్షరాలు ఇంకా కనబడుతూనే ఉన్నాయి. ఆ ఇంటి పెద్దమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. “బిడ్డా, అది ఈనితే అప్పు తీరుతుండె” అని మాత్రం అన్నది.

ఈ జబ్బు ఎలా వస్తుందో తెలుసుకోవాలి. మేక ఏరుకుని తింటుంది. బర్రె, ఆవు నాలుకతో మేతను చుట్టి లాగి, సరిగా నమలకుండానే మింగుతాయి. నెమరు తరువాత వేస్తాయి. నాలుక మీది గరుకు ముళ్లు లోపలి వైపు వంగి ఉంటాయి కనుక నోట్లో పడిన లోహం ఉమ్మడానికి రాదు. బరువైన వస్తువు తేనెపట్టు గదుల్లా ఉండే రెండో పొట్టలో చేరుతుంది. ఆ పొట్టకు, గుండెకు మధ్య ఉండే దూరం చాలా తక్కువ, నడుమ ఒక పలుచని కండర పొర మాత్రమే. పొట్ట ముడుచుకున్నప్పుడల్లా వాడి మొన ముందుకు జరుగుతుంది. చూడి పెరిగినప్పుడు, ఈనేటప్పుడు లోపలి ఒత్తిడి పెరిగి గుచ్చుకుంటుంది. మే నెలలో మింగినది కార్తీకంలో బయటపడటం అందుకే. పైన చెప్పిన లక్షణాలు కనబడితే నాలుగు రోజులు ఆగవద్దు. వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి, కొట్టంలో ఈ మధ్య ఇనుప పని జరిగిందని తప్పక చెప్పండి. తొలి దశలో అయితే అయస్కాంతం మింగించి గాని, పొట్ట కోసి వస్తువు తీసి గాని బతికించే వీలుంది. స్టెయిన్‌లెస్ స్క్రూ ముక్క అయితే ఆ అయస్కాంతానికీ అంటదు.

గడ్డి కోసే యంత్రంలో స్క్రూ పడినా ఇదే కథ. కత్తి అంచు పగిలి, ఆ ముక్కలు కూడా మేతలో కలుస్తాయి.

అందుచేత కొట్టంలో డ్రైవరు పట్టే ముందు పశువులను బయట కట్టండి. గాడిలో మేత తీసివేసి, గాడి మీద పట్టా కప్పండి. స్క్రూలు లెక్కపెట్టి డబ్బాలో పోసుకోండి. పని ముగిశాక బిగించినవి, మిగిలినవి కలిపితే మొదటి లెక్క రావాలి. పాడైన రేడియో స్పీకరులోని అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, కర్రకు కట్టి, నేలంతా ఒకసారి తిప్పండి. అంటుకున్న స్క్రూలు, ఇనుప పొట్టు రాలాలంటే కవరును తిరగవేస్తే చాలు. స్టెయిన్‌లెస్ స్క్రూలను కంటితోనే వెతకాలి.

ఇరవై రంధ్రాల చెక్క

బిట్టు పోయిందని తెలియాలంటే ముందు అది ఉండవలసిన చోటు ఒకటి ఉండాలి. సంచిలో గలగలలాడే బిట్లలో ఒకటి తగ్గినా తెలియదు. నేను ఆ తరువాత చేసుకున్న ఏర్పాటు చెబుతాను, ఖర్చు లేనిది.

అడుగు పొడవు, మూడు అంగుళాల వెడల్పు, అంగుళంన్నర మందం ఉన్న వేప లేక టేకు ముక్క తీసుకోండి. అంగుళం ఎడంగా వరుసకు పది చొప్పున రెండు వరుసలు గుర్తు పెట్టండి. ఇక్కడ చాలామంది పొరబడతారు. బిట్టు 6.35 మిల్లీమీటర్లే కదా అని 6.5 రంధ్రం చేస్తారు. ఆ కొలత పలక నుంచి పలకకు. మూల నుంచి మూలకు 7.3 పైన వస్తుంది. కాబట్టి 7.5 మిల్లీమీటర్ల డ్రిల్లుతో, 15 మిల్లీమీటర్ల లోతు చేయండి. 25 మిల్లీమీటర్ల పొట్టి బిట్టు అప్పుడు 10 మిల్లీమీటర్లు పైకి ఉండి వేళ్లకు అందుతుంది.

నా చెక్కలో ఫిలిప్స్ 2 నాలుగు, ఫిలిప్స్ 1 రెండు, ఫిలిప్స్ 3 ఒకటి, పోజిడ్రైవ్ 2 రెండు, చదును మొన ఒకటి, ఎలెన్ 4, 5, 6 కొలతలవి మూడు, టి.20, టి.25 ఒక్కొక్కటి, 8 సాకెట్లు రెండు, 10 సాకెట్టు ఒకటి, హోల్డర్లు రెండు. మొత్తం ఇరవై. మీ పని వేరైతే మీ జాబితా వేరుగా ఉండవచ్చు. కాని రంధ్రాల సంఖ్య, వస్తువుల సంఖ్య ఒకటిగా ఉండాలి, అదనపు రంధ్రం ఒక్కటి కూడా వద్దు. ఖాళీ రంధ్రం కనబడిందంటే పని ఇంకా ముగియలేదన్న మాట, నిచ్చెన దించకూడదు. ప్రతి రంధ్రం పక్కన కొలత రాయండి. ఫిలిప్స్ బిట్ల నడుముకు ఎర్ర గోళ్ల రంగు, పోజిడ్రైవ్‌కు ఇంకో రంగు చుక్క పెడితే కళ్లజోడు మరచిపోయిన రోజున కూడా పొరపాటు జరగదు.

సంఘం ఆస్తిగా ఉంటే చిన్న పుస్తకం ఒకటి పెట్టి, తీసుకున్నవారి పేరు, ఇచ్చిన సంఖ్య, తిరిగి వచ్చిన సంఖ్య రాయండి. చెక్కను సంఘం గదిలో ఉంచండి గాని కొట్టంలో వద్దు. అక్కడి తేమకు, మూత్రం ఆవిరికి ఉక్కు త్వరగా తుప్పు పడుతుంది. గర్బర్ పరీక్ష ఆసిడ్ సీసాలు ఉన్న అల్మారాలో అసలే వద్దు. హోల్డరు మూతిలో ఇనుప పొట్టు చేరితే బిట్టు లోపలి దాకా దిగదు. జిగురు టేపుతో ఒత్తి తీసేయండి.

చేతిలో మంచి బిట్లు ఉన్నాయి కదా అని ఎలక్ట్రానిక్ తూనిక యంత్రం మూత తెరవకండి. దానికి తూనికలు కొలతల శాఖవారి ముద్ర ఉంటుంది. ముద్ర తెగితే ఆ యంత్రంతో తూచిన పాల లెక్కను ఏ సభ్యుడూ ఒప్పుకోనవసరం లేదు. మరమ్మతు అనుమతి ఉన్నవారి చేతనే చేయించి, తిరిగి ముద్ర వేయించాలి.

ఫిలిప్స్ 2 బిట్లను నెలకొకసారి వెలుతురులో తిప్పి చూడండి. రేకల అంచులు గుండ్రబడి తళతళలాడుతుంటే దాని పని అయిపోయింది. తీసివేసిన బిట్టును పెంటకుప్ప మీదికి విసరకండి. ఆ ఎరువు పొలానికి పోతుంది, పొలం నుంచి చొప్పతో పాటు తిరిగి గాడిలోకి వస్తుంది. మూత ఉన్న డబ్బా ఒకటి పెట్టి, అరిగిన బిట్లు, వంగిన స్క్రూలు, తీగ ముక్కలు అన్నీ అందులో వేసి, నిండినప్పుడు పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేయండి.